రేపు ఇస్తా, ప్రార్థన చేస్తా

నేను ఆడవాళ్ల జాకెట్లు కుట్టే మనిషిని. నారాయణఖేడ్ బస్టాండు నుంచి లోపలికి తిరిగే రోడ్డులో నా కొట్టు. పదడుగుల గది, రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, ఏనాడూ తరగని బట్టల కుప్ప. నేను క్రైస్తవురాలిని కూడా. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని చాలా ఏళ్లు అనుకున్నాను. ఉంది. కుట్టుపనికి ఒక మాట ఉంది, విశ్వాసానికి ఒక మాట ఉంది. మొదటిది "రేపు ఇస్తా". రెండోది "ప్రార్థన చేస్తా". రెండూ ఎదుటి మనిషిని నొప్పించకుండా గుమ్మం దాటించడానికి పుట్టినవే. ముప్పై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను, రెండూ చక్కగా పనిచేస్తాయి.

నా భక్తి సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు నన్ను మామూలు మనిషి అనుకునే ప్రమాదం ఉంది. పొద్దున అయిదింటికి నా ఫోనులో కీర్తన మోగుతుంది. లేచి మోకరించాలని నియమం. మోకరిస్తాను, కాకపోతే ముందు ఫోను తీస్తాను. సూర్యుడు ఉదయించే బొమ్మ మీద ఆ రోజు వాక్యం వేసి స్టేటస్ పెడతాను. తర్వాత ఎవరెవరు చూశారో చూస్తాను. తర్వాత ఎవరు చూడలేదో చూస్తాను. మా ఆయన మోటార్లకు వైండింగ్ కట్టే మనిషి, చర్చిలో వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునే రకం. ఒక రోజు నా భుజం మీదుగా తొంగి చూసి, "నలభై మంది సూసిన్రు, మంచిదే. గా పైనాయన సూసిండా?" అన్నాడు. ఆ పూట ఆయన చాయ్‌లో చక్కెర పడలేదు.

అయిదున్నరకు ఫోనులోనే సోదరీల ప్రార్థన. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్లం మా వైపు చప్పుడు వాళ్లకు వినపడకుండా ఫోనులో మీట నొక్కి వింటాం. విన్నంతసేపూ చేతులు ఖాళీగా ఎందుకు ఉంచాలని నేను జొన్న రొట్టెలు చేసుకుంటాను. ఒక రోజు ఆ మీట నొక్కడం మరిచిపోయాను. పిండిని అరచేత్తో టపటపా కొడుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. ప్రార్థన నడిపిస్తున్న సోదరి గొంతు పెంచి, "చూడండి, మనలో ఒక సోదరి ఆత్మలో ఆనందించి చప్పట్లు కొడుతున్నది, స్తోత్రం!" అంది. ఇంకో ఇద్దరు కూడా చప్పట్లు అందుకున్నారు. నేనేం చేయను? రొట్టె పలుచబడేదాకా ఆనందించాను.

ఏడాదిలో బైబిలు మొత్తం పూర్తిచేసే పట్టిక కూడా గోడకు ఉంది. ఎవరు ఎవరిని కన్నారో ఆ వంశావళులన్నీ ఫాల్ కుడుతూ చదివాను. మధ్యలో ఒకటి రెండు తరాలు జారిపోయి ఉంటాయి, వాళ్ల బంధువులెవరూ అడగలేదు. ఇక ప్రార్థన మనవుల పుస్తకం. దానికి వేరే పుస్తకం ఎందుకని కొలతల పుస్తకాన్నే వాడతాను. ముందు నుంచి కొలతలు, వెనక నుంచి మనవులు. ఒక బుధవారం స్త్రీల కూటంలో కళ్లజోడు మరిచి, తప్పు వైపు తెరిచి, "చేతి పొడవు తొమ్మిది, మెడ లోతు ఏడు" అని భారంగా చదివాను. ఇద్దరు ముగ్గురు "ఆమెన్" అన్నారు.

మనవులు పెరిగిపోయాయి. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరి కొడుక్కి నౌకరీ, ఒకరి బర్రె చూడి కట్టలేదు. రోజూ పేరుపేరునా చదివితే పొద్దెక్కుతుంది. అందుకని నేనొక సులువు కనిపెట్టాను. పుస్తకం మీద చెయ్యి పెట్టి, "పరిశుద్ధుడవైన తండ్రీ, ఇందులో ఉన్నవన్నీ నీవెరుగుదువు" అనేదాన్ని. టోకున అప్పజెప్పడం అన్నమాట. అన్నీ తెలిసినవాడికి మళ్లీ ఒక్కొక్కటీ చెప్పి విసిగించడం మర్యాద కాదు కదా.

ఈ వైభవం నడుస్తుండగా, బతుకమ్మ పండగకు నెల ముందు, ఒక వారపు అంగడి రోజున నాగల్‌గిద్ద నుంచి ఒకామె వచ్చింది. అరవైకి దగ్గరి మనిషి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు, కాలి మడమలకు చేలో మట్టి. కొట్టులోకి వస్తూనే ఎర్ర స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి పచ్చటి జాకెట్ ముక్క తీసింది. మడతలు పడిన చోట రంగు కొంచెం వెలిసింది. పాత బట్ట, అయినా కత్తెర తగలలేదు.

"చెల్లె, గిది మా బిడ్డది. శ్రీమంతం జాకెట్. ఇప్పుడే కుట్టకు" అంది.

ముప్పై ఏళ్లలో ఇలాంటి గిరాకీని నేను చూడలేదు. తొందరగా ఇవ్వమని ఏడ్చేవాళ్లే గాని, ఇవ్వొద్దని బతిమాలేవాళ్లు ఉండరు. ఈమెను ఆ ప్రభువే పంపాడనుకున్నాను.

"ఎందుకక్కా?"

"అది మొదటిసారి నీళ్లు పోసుకున్నప్పుడు గీ బట్ట కొన్న. అయిదో నెలల పోయింది. రెండోసారి మా ఊరి దర్జీకి ఇచ్చిన. ఆయన కత్తెర పెడ్దమనుకునే వరకు ఆర్నెల్లకే పోయింది. ఇప్పుడు నాలుగో నెల. నాకు భయమైతంది. ఏడు నిండినంకనే కత్తెర పెట్టు. అప్పటిదాంక నీ దగ్గరుండని. ఇంట్ల ఉంటే దాని కంట్ల పడ్తది, ఏడుస్తది."

బట్ట తీసుకుని పై అరలో పెట్టాను. ఆమె లేవలేదు. గోడ మీద నా కొట్టుకు నేనే రాయించుకున్న బోర్డు వైపు చూస్తోంది. నీలం మీద తెల్ల అక్షరాలు.

"గదేమి రాసినవ్?"

"ఈ దుకాణమునకు యజమానుడు యేసుక్రీస్తు" అని చదివి వినిపించాను.

"యజమానుడంటే?"

"సేటు అక్కా. ఈ దుకాణం సేటు యేసయ్య అని."

"హౌదా?" అంది ఆశ్చర్యంగా. వాళ్లది కర్ణాటక అంచున ఉన్న ఊరు. నిజమా అని అడగాలంటే ఆమె నోట ఎప్పుడూ ఆ కన్నడ మాటే వచ్చేది. "నువ్వు గాదా సేటువు?"

"నేను పనిదాన్నే" అన్నాను వినయంగా. ఆ వినయం నాకు బాగా కుదురుతుంది, కూటాల్లో చాలాసార్లు వాడాను.

ఆమె ఆ బోర్డును ఇంకాసేపు చూసి, "అట్లయితే మా బిడ్డ గురించి జర నీ దేవునికి చెప్పు చెల్లె. గీ పాప నిలవాలె. ఇంకేం అడగ" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతి గాజులు చిన్నగా చప్పుడు చేశాయి. 

"తప్పకుండా అక్కా, ప్రార్థన చేస్తా" అన్నాను. కొలతల పుస్తకం తిప్పి, వెనక వైపు రాశాను కూడా: నాగల్‌గిద్ద అక్క బిడ్డ, గర్భం నిలవాలి. పుస్తకం మూశాను. నా వైపు నుంచి ఆ విషయం అంతటితో అయిపోయింది.

తర్వాతి అంగడికి ఆమె మళ్లీ వచ్చింది. జాకెట్ గురించి అడగలేదు. గుమ్మంలోనే నిలబడి, "చేసినవా?" అంది.

బతుకమ్మ దగ్గర పడుతోంది. కొట్టు నిండా బట్టలు, అద్దం ముందు అరడజను మంది ఆడవాళ్లు, నా నోట్లో నాలుగు గుండు పిన్నులు. వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక దొంగకు తేలు కుట్టినట్టయింది. "చేస్తున్న అక్కా" అన్నాను పిన్నుల సందుల్లోంచి.

"హౌదా?"

"హౌదు" అన్నాను. పరాయి భాషలో చెప్పిన అబద్ధం సగం పాపమే అవుతుందని నా మనసు ఎక్కడో లెక్క కట్టుకుంది.

ఆమె ముఖం తేటపడింది. సంచిలోంచి రెండు పెద్ద దోసకాయలు తీసి మిషను పక్కన పెట్టి వెళ్లిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ రోజు రాత్రికి ఆ దోసకాయ పప్పు చాలా రుచిగా కుదిరింది.

అలా ప్రతి అంగడికీ వచ్చేది. "చేసినవా?", "హౌదా?", "హౌదు". కందికాయలు పచ్చిగా ఉన్నప్పుడు కొంగు నిండా తెచ్చింది. జొన్న కంకులు తెచ్చింది. నేను మొదట సిగ్గుపడ్డాను, తర్వాత అలవాటు పడ్డాను. మనసు అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది: పుస్తకం మీద చెయ్యి పెట్టి అన్నీ నీవెరుగుదువు అంటున్నాను కదా, ఆమె పేజీ ఆ పుస్తకంలోదే కదా. ఏ వకీలూ నాకంటే బాగా వాదించలేడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక వారం స్త్రీల కూటంలో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. పక్క సోదరి ఇరవై ఒక్క రోజుల ఉపవాసం గురించి చెప్పేసరికి నా నోరు ఊరుకోలేదు. "ఒక అన్య సోదరి విషయమై నాకు గొప్ప భారం కలిగింది. ప్రతిదినం ఆమె బిడ్డ కోసం కన్నీటితో ప్రార్థిస్తున్నాను" అన్నాను. మా భాషలో అన్యులు అంటే మనవాళ్లు కానివాళ్లు, అంటే నాకు జాకెట్లు ఇచ్చి నా ఇల్లు నడిపే ఊరంతా. భారం అంటే ఏమిటో నాకూ సరిగా తెలియదు, కూటంలో ఆ మాట వాడితే అందరూ తల ఊపుతారు. ఊపారు. మా పాస్టరయ్యకు కూడా సంగతి చేరింది. ఆదివారం గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మీ భారాన్ని విడువకండి అమ్మా" అన్నాడు. విడవడానికి ముందు ఎత్తుకోవాలి కదా అని నాకే లోపల అనిపించింది.

ఇంటికి వస్తుంటే బండి మీద మా ఆయన అడిగాడు: "నిజంగనే ఏడ్సుకుంట చేస్తున్నవా?"

"నీకేమెరుక, నువ్వు వెనక బల్లోడివి" అన్నాను.

"ఇంట్ల నీ ముంగటనే ఉంట గదా" అన్నాడు.

ఏడో నెల నిండాక ఒక రోజు ఆమె కూతుర్ని తీసుకుని వచ్చింది. ఇక్కడి దవాఖానలో చూపించుకుని, అట్నుంచి అటే కొలతలకు వచ్చారు. పిల్లకు ఇరవై నాలుగేళ్లుంటాయేమో. భర్త పట్నంలో మేస్త్రీ పనిలో ఉన్నాడు. సన్నటి మెడ, పెద్ద పొట్ట. నడుస్తున్నప్పుడు రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని, నిండు బిందె మోస్తున్నట్టు నడుస్తోంది. స్టూలు మీద కూర్చోబెట్టి టేపు తీశాను. తల్లి బయట అరుగు మీద కూర్చుంది.

ఛాతీ చుట్టూ టేపు తిప్పుతుంటే ఆ పిల్ల మెల్లగా అంది: "ఆంటీ, మీరు నా కోసం దినాం ప్రార్థన చేస్తున్నరంట గదా. అమ్మ చెప్పింది."

 కొలత రాసుకుంటున్నట్టు తల వంచాను.

"పోయినసార్లు నిద్ర పట్టకపోతుండె. కడుపు మీద చెయ్యేసుకొని కదుల్తుందా లేదా అని సూస్కుంటుండె. ఈసారి ఎవరో ఒకరు దినాం అడుగుతున్నరు గదా అని ధైర్యంతోని పండుకుంటున్న" అంది. అని నవ్వింది.

టేపు మీద అంకెలు నాకు కనపడలేదు. అదే కొలత మూడుసార్లు తీశాను. ఈ పిల్ల నా అబద్ధం మీద తలపెట్టి నిద్రపోతోంది. నాకు ఒళ్లంతా సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఏమైనా జరిగితే ఈ పిల్ల ముఖం ఎలా చూడాలి? జాకెట్ బిగుతైతే కుట్లు విప్పి మళ్లీ కుట్టొచ్చు, ఇది అలా కాదు.

"కత్తెర పెట్టాల్నా అక్కా?" అన్నాను బయటికి వచ్చి.

"ఒక వారం ఆగు చెల్లె. మంచి రోజు సూసి చెప్త" అంది. ఏడు నిండినా ఆ తల్లికి భయం పోలేదు. బట్ట మళ్లీ పై అరలోకి వెళ్లింది.

ఆ రోజు సాయంత్రం కొట్టు మూసేటప్పుడు నిశ్చయించుకున్నాను. ఇకనుంచి ఆ పిల్ల కోసం పేరు పెట్టి, విడిగా, ప్రతిరోజూ ప్రార్థిస్తాను. ఇంటికి పోయేసరికి తల నొప్పి. సరే, రేపు చేద్దామనుకున్నాను. మీరు విన్నది నిజమే. దేవుడికి కూడా రేపు అని చెప్పాను. తర్వాతి రోజు పొద్దున సోదరీల ప్రార్థన నడిపించే వంతు నాదే వచ్చింది. దేశం కోసం, నాయకుల కోసం, లోకమంతటా ఉన్న అనాథల కోసం ఇరవై నిమిషాలు ప్రార్థించాను. నాగల్‌గిద్ద దాకా రాలేకపోయాను. లోకమంతా తిరిగాక అలసట ఉంటుంది కదా.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు పొద్దున పదింటికి కొట్టు తెరిచి బాబిన్‌కు దారం చుడుతుంటే, నాగల్‌గిద్ద ఆటో నడిపే అతను గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, గా పచ్చ గాజులామె నీకు చెప్పమన్నది. బిడ్డకు అర్ధరాత్రే నొప్పులొచ్చినయ్. సంగారెడ్డి దవాఖానకు తీస్కపోయిన్రు. మిషినామెను ప్రార్థన చెయ్యమను అన్నది" అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఎనిమిదో నెల. ఇంకా నిండలేదు.

షట్టరు సగం దించాను. మిషనుకూ గోడకూ మధ్య, కత్తిరించిన ముక్కల మీద మోకరించాను. "పరిశుద్ధుడవును కృపాసత్యసంపూర్ణుడవునైన" అని మొదలుపెట్టాను.  ముప్పై ఏళ్లుగా ఎక్కడ నొక్కితే అక్కడ పారిన ఆ పుస్తకాల తెలుగు ఆ రోజు ఎండిపోయింది. మా అమ్మతోనూ మా ఆయనతోనూ కొట్లాడే భాష ఒక్కటే నోట మిగిలింది.

"దేవా, నేను అబద్ధాలదాన్ని. ఒక్క దినం గూడ చెయ్యలే. నీకెరుకనే. నా మీది కోపం గా పిల్ల మీద తీయకు. దాన్ని జర సూడు. దాని పాపను సూడు. నా మాట మీద పండుకుంటుందంట అది. ఇగ నేనేం జెయ్యాలె?"

ఇంతే. నాలుగు ముక్కలు. ఆమెన్ కూడా అన్నానో లేదో గుర్తులేదు. కూటంలో చెప్పుకున్న ఆ కన్నీళ్లు ఆ రోజు మాత్రం నిజంగానే వచ్చాయి. అక్కడ ఎవరూ లేరు, స్టేటస్ పెట్టాలన్న ఆలోచనా రాలేదు.

మధ్యాహ్నం ఆమె ఫోను వచ్చింది.  "ఆడపిల్ల చెల్లె. గుప్పెడంత ఉంది. అద్దాల పెట్టెల పెట్టిన్రు. డాక్టరమ్మ బతుకుతది అన్నది."

"ఎన్నింటికి పుట్టిందక్కా?"

"పొద్దున ఎనిమిదింటికే."

నేను మోకరించింది పది దాటాక. జీవితంలో ఒకే ఒక్కసారి నిజంగా ప్రార్థన చేస్తే, అది కూడా నా జాకెట్ల లాగే పండగ అయిపోయాక అందింది. నవ్వాలో ఏడవాలో తెలియక కట్‌పీసుల మూట మీద కూర్చున్నాను. సంతోషం మాత్రం చెప్పలేనంత వచ్చింది. ఆ గుప్పెడంత పిల్ల నా కోసం ఆగలేదు, నన్ను నమ్ముకోలేదు.

రెండు వారాల తర్వాత తల్లీపిల్లా ఇంటికి చేరారు. ఆ ఆదివారం నేను చర్చిలో పాట పుస్తకం వెతుకుతుంటే వెనక నుంచి గాజుల చప్పుడు వినిపించింది. చూస్తే ఆమె. కొత్త చీర, చేతిలో బెల్లం పొట్లం. "నీ దేవునికి ఒక మాట చెప్పిపోదమని వచ్చిన" అంటూ మా ఆయన కూర్చునే వెనక వరుసలోనే కూర్చుంది.

పాస్టరయ్యకు సంగతి ఎలాగో తెలిసింది. ఆరాధన మధ్యలో నా వైపు చెయ్యి చాపి, "మన సోదరి ఎన్నో నెలలు కన్నీటితో మోసిన భారాన్ని ప్రభువు ఆలకించాడు. వచ్చి సాక్ష్యం చెప్పాలి" అన్నాడు. చప్పట్లు. ఇవి రొట్టె చప్పట్లు కావు, నిజమైనవే. నడిచి వెళ్లి మైకు పట్టుకున్నాను.

చెప్పాల్సిన సాక్ష్యం నాకు నోటికి వచ్చు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ హల్లెలూయా అని ఆగాలో తెలుసు. నోరు తెరిచాను. వెనక వరుసలో ఆ రెండు ముక్కుపుడకలు మెరుస్తున్నాయి. ఆమె పక్కన మా ఆయన, మొట్టమొదటిసారి గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు.

"నేను చెయ్యలేదు" అన్నాను.

మైకును రెండు చేతులతో పట్టుకున్నాను.

"చేస్తా అని చెప్పిన. రాసుకున్న. వారం వారం అడిగితే చేసిన అని అబద్ధం చెప్పిన. ఒక్కసారే చేసిన, గది గూడ పిల్ల పుట్టినంక. గీ సాక్ష్యం నాది కాదు." చర్చిలో ఎప్పుడూ రాని మా ఇంటి భాష ఆ రోజు మైకులోంచి వచ్చింది. పాస్టరయ్య ముఖం నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు. ముందు వరుసలో ఉపవాసాల సోదరి కొంగుతో మూతి తుడుచుకుంది.

అప్పుడు వెనక నుంచి, సంతలో బేరమాడే గొంతుతో, "నాకెరుకనే" అని వినిపించింది.

అందరూ తల తిప్పారు. ఆమె లేచి నిలబడింది.

"నువ్వు జాకెటే చెప్పిన దినం ఇయ్యవు. మా ఊర్ల ఎవల్ని అడిగినా గదే చెప్తరు. ప్రార్థన యాళ్లకు చేస్తవా? నువ్వు హౌదు అన్నప్పుడే నాకు సమజైంది. గందుకే నేను సేటుకే చెప్పిన."

"ఏ సేటు?" అన్నాడు పాస్టరయ్య అయోమయంగా.

"గామె దుకాణంల రాసి లేదా, సేటు యేసయ్య అని? పనిది మాట తప్పితే ఎవలికి చెప్పాలె? దినాం పొద్దుగాల కంది చేన్ల నిలబడి చెప్పిన. అయ్యా సేటూ, నీ దుకాణంల పని చేసే ఆమె మంచిదే గని మరుస్తది, నువ్వే జర యాదుంచుకో అని." నిజాయితీగా కలిపింది: "మా పోచమ్మకు గూడ చెప్పిన. దర్గకు గూడ పోయిన. ఎవలు ఖాళీగ ఉంటరో ఎరుకనా?"

మొదట నవ్వింది మా ఆయనే. తర్వాత ఒక్కొక్కరూ. పాస్టరయ్య నవ్వాలా వద్దా అని కాసేపు తనలో తాను కొట్లాడి, చివరికి పాట నంబరు చెప్పాడు. నేను మైకు పెట్టేసి, మెట్లు దిగి, నేరుగా వెనక వరుసకు పోయి వాళ్లిద్దరి మధ్య కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత నా వీపుకు ఆ గోడ చల్లగా తగిలింది.

తర్వాతి అంగడికి ఆమె కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఇరవయ్యొకటో దినం మించింది గని, వచ్చే వారం పాపకు తొట్టెల పండుగ చేస్తున్నం. ఇగ కత్తెర పెట్టు" అంది. నాకు "రేపు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. గోడ మీది బోర్డు వైపు చూశాను. పై అరలోంచి పచ్చ బట్ట దించి, ఆమె ముందే బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి కత్తిరించాను. బట్ట తెగిన చప్పుడుకు ఆమె కళ్లు తుడుచుకుంది. సాయంత్రం ఆటో వేళకు హుక్కులతో సహా చేతిలో పెట్టాను. మా బజారులో ఆ సంగతి రెండు రోజులు చెప్పుకున్నారు.

లేవబోతూ ఆమె ఆగింది. "పాప సరిగ పాలు తాగుతలేదు చెల్లె. జర చెప్పు."

"ప్రార్థన చేస్తా" అని రాబోతే మింగేశాను. "కూసో అక్కా, ఇప్పుడే చెప్దాం" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. "దేవా, గీ అక్క మనుమరాలు పాలు తాగుతలేదు. దానికి ఆకలియ్యి. తల్లికి పాలియ్యి. గంతే. ఆమెన్."

కళ్లు తెరిచి చూస్తే ఆమె రెండు కళ్లూ నా ముఖం మీదే ఉన్నాయి. అంతసేపూ రెప్ప వేసినట్టు లేదు.

"ప్రార్థన చేసేటప్పుడు కండ్లు మూసుకోవాలె అక్కా" అన్నాను.

"నేను గూడ మూసుకుంటే, నువ్వు చేసినవో లేదో ఎవలు సూడాలె?" అంది.